బీద విద్యార్థి నుండి యోగా గురువు దాకా: స్వామి కువలయానంద జీవితం



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసిమ్మని వార్డెన్ సార్ కబురు పెట్టినప్పుడు మేము రెండు రోజులు ఆలోచించాం. బాబాసాహెబ్ గురించి, ఫూలే దంపతుల గురించి ప్రతి ఏడాదీ మనవాళ్ళు రాస్తూనే ఉన్నారు, రాయాలి కూడా. ఈసారి మన సంచికలో ఇంతవరకు రాని ఒక మనిషిని పరిచయం చేద్దామనుకున్నాం. ఆయన స్వామి కువలయానంద. యోగా రంగంలో ఉన్నవారికి ఆయన పేరు బాగా తెలుసు. మన హాస్టళ్ళలో మాత్రం పేరు తెలియకుండానే ఆయన చూపిన దారిలో నడుస్తున్నాం. ఉదయం అయిదింటికి బెల్లు కొట్టగానే దుప్పట్లు మడిచి, కళ్ళు నులుముకుంటూ గ్రౌండులో వరుసగా నిలబడతారు కదా. పి.ఇ.టి. సార్ లెక్క పెడుతుంటే అందరూ ఒక్కసారే వంగి, ఒక్కసారే లేస్తారు కదా. గురువు దగ్గర ఒక్కొక్క శిష్యుడు కూర్చుని నేర్చుకునే ఆసనాలను ఇలా బడి పిల్లలందరికీ కలిపి నేర్పవచ్చునని చేసి చూపిన తొలితరం వారిలో ఆయన ముఖ్యులు.

ఆయన అసలు పేరు జగన్నాథ్ గణేశ్ గుణే. 1883 ఆగస్టు 30న అప్పటి బరోడా సంస్థానంలోని డభోయిలో పుట్టారు. ఇప్పుడది గుజరాత్ రాష్ట్రంలో ఉంది. మరాఠీ కుటుంబం. తండ్రి బడిపంతులు. పంతులుగారి అబ్బాయి అంటే కాస్త కలిగినవాడే అని మనకు అనిపిస్తుంది. కానీ ఆ ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది, ఇతరులు చేసే సాయం మీద ఆధారపడవలసి వచ్చేది. 1903లో మెట్రిక్యులేషన్ పాసయినప్పుడు సంస్కృతంలో ప్రతిభకు ఇచ్చే జగన్నాథ్ శంకర్‌సేఠ్ స్కాలర్‌షిప్పు ఆయనకు వచ్చింది. దానితోనే బరోడా కాలేజీ చదువు సాధ్యమైంది. స్కాలర్‌షిప్పు శాంక్షన్ అయిందో లేదో అని నోటీసు బోర్డు దగ్గర నిలబడి, లిస్టులో వేలు పెట్టి పేరు వెతుక్కున్నవాళ్ళం మనం. ఆ ఆనందం ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో బరోడా యువకులకు దేశభక్తి కొత్తగా తలకెక్కుతున్నది. అరవిందులు అదే కాలేజీలో పనిచేసేవారు. ఆయన ప్రభావం, తిలక్ ప్రభావం గుణే మీద బలంగా పడ్డాయి. పెళ్ళి చేసుకోకుండా జనం కోసమే బ్రతకాలని నిర్ణయించుకున్నది కూడా అప్పుడే. 1907 నుండి 1910 దాకా మాణిక్‌రావు అనే గురువు దగ్గర భారతీయ వ్యాయామ విద్య నేర్చుకున్నారు. ఆ వ్యాయామశాలకు జుమ్మాదాదా పేరు ఉంది. జుమ్మాదాదా ముస్లిం ఉస్తాదు, మాణిక్‌రావుకు గురువు. శిష్యుడు తన పేరు పక్కన పెట్టి గురువు పేరే బోర్డు మీద నిలిపాడన్నమాట. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు ఎందుకో చాలా సంతోషం వేసింది. మాణిక్‌రావు వ్యాయామాన్ని దేశభాషలో ఆదేశాలిస్తూ గుంపుగా చేయించేవారు. ఆ పద్ధతి గుణే మనసులో అలాగే ఉండిపోయింది, పాతికేళ్ళ తరువాత ఉపయోగపడింది.

ఇక్కడ ఒక మాట రాయకపోతే మనకు మనమే అన్యాయం చేసుకున్నట్టవుతుంది. బాబాసాహెబ్ కూడా బరోడా మహారాజు శాయాజీరావు గారి స్కాలర్‌షిప్పుతోనే 1913లో అమెరికా వెళ్ళారు. చదువు ముగించి 1917లో ఉద్యోగం చేయడానికి అదే బరోడాకు వస్తే ఆయనకు తల దాచుకోవడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో వేరే పేరుతో దిగితే, సంగతి తెలిసినవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. గుణే బీదవాడే గానీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. సంస్కృతం తలుపు, ఆశ్రమాల తలుపు ఆయనకు తెరిచే ఉన్నాయి. ఒకే ఊరు, ఇద్దరూ స్కాలర్‌షిప్పు విద్యార్థులే, అయినా దారులు వేరు. ఆయన గొప్పతనం తగ్గించడానికి ఇది రాయడం లేదు. మన పిల్లలు చదివే పత్రికలో సగం మాట చెప్పి ఊరుకోకూడదని రాస్తున్నాం.

1910లో డిగ్రీ పూర్తయ్యాక ఆయన ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చారు. చదువు లేక, జబ్బులతో, ఎవరికి వారుగా చెల్లాచెదురై ఉన్న జనాన్ని చూసి, ముందు చదువు చెప్పాలనుకున్నారు. మహారాష్ట్రలోని అమల్నేరులో ఖాందేశ్ ఎడ్యుకేషన్ సొసైటీ పనిలో పాలుపంచుకున్నారు. 1916 నుండి 1923 వరకు అక్కడ హైస్కూలు, కాలేజీ విద్యార్థులకు పాఠాలు చెప్పారు. ఆ సొసైటీ నడిపిన నేషనల్ కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. విద్యార్థుల్లో జాతీయ భావాలు ఎక్కువయ్యాయని బ్రిటిష్ ప్రభుత్వం ఆ కాలేజీని మూయించింది.

ఈ మధ్యలోనే ఆయన జీవితం మలుపు తిరిగింది. 1919లో నర్మదా తీరాన మాల్సర్ అనే చోట పరమహంస మాధవదాస్‌జీ అనే వృద్ధ యోగిని కలిశారు. ఆయన బెంగాలీ. గుణే ఆయన దగ్గర యోగా నేర్చుకున్నారు. ముంబయిలో యోగా ఇన్‌స్టిట్యూట్ పెట్టిన శ్రీ యోగేంద్ర కూడా ఆ గురువు శిష్యుడే. ఇద్దరూ యోగాను గుహలోంచి బజారులోకి తెచ్చినవారే.

మాకు బాగా నచ్చిన భాగం ఇదే. గురువు చెప్పిందని కళ్ళు మూసుకుని నమ్మలేదు, ఇంగ్లీషు చదువు చదివానని కొట్టిపారేయనూ లేదు. పరీక్ష చేసి చూద్దామనుకున్నారు. 1920-21లో బరోడాలోని ఆసుపత్రి ప్రయోగశాలలో, ఆసనాలు, క్రియలు చేసేవారిని ఎక్స్‌రే యంత్రం ముందు నిలబెట్టి లోపల ఏం జరుగుతోందో పరిశీలించారు. నౌలి అనే క్రియ ఉంది. పొట్ట కండరాలను మధ్యకు తెచ్చి కవ్వంలా తిప్పుతారు. అది చేసేవారు గొట్టం లేకుండానే నీటిని పేగులోకి పీల్చుకోగలరు. చూసేవారికి అది మహిమలా ఉండేది. ఆయన పీడనాన్ని కొలిచే పరికరం పెట్టి చూశారు. కండరాలు అలా బిగిసినప్పుడు లోపల పీడనం బయటికన్నా తగ్గుతుంది, అందుకే నీరు పైకి లేస్తుంది. సిరంజిలోకి మందు ఎక్కినట్టే. తాను కనుక్కున్న దానికి గురువు పేరే పెట్టి మాధవదాస్ వాక్యూమ్ అన్నారు. జుమ్మాదాదా వ్యాయామశాలలో నేర్చిన సంస్కారం ఇక్కడ కనబడుతుంది.

1924 అక్టోబరులో, ముంబయికి పూణేకి మధ్య కొండల్లో ఉన్న లోనావలాలో కైవల్యధామ ఆశ్రమాన్ని స్థాపించారు. అప్పటికే ఆయన పేరు కువలయానంద. కువలయం అంటే కలువ, భూమండలం అనే అర్థం కూడా ఉంది. ఆశ్రమం అనగానే మనకు ధూపం, పాదపూజ గుర్తుకొస్తాయి. అక్కడ మాత్రం ప్రయోగశాల ఉండేది. అదే ఏడాది యోగ మీమాంస అనే పత్రికను మొదలుపెట్టి, కొలతలు, ఫొటోలతో సహా ప్రయోగాల ఫలితాలు అచ్చువేశారు. యోగాకు అనుకూలంగా వచ్చినవే వేయలేదు. ప్రాణాయామం చేస్తే మామూలుకన్నా ఎంతో ఎక్కువ ఆక్సిజన్ ఒంటికి అందుతుందని చాలామంది చెప్పేవారు, ఇప్పటికీ చెబుతున్నారు. ఆయన కొలిచి చూసి, ఆ మాట నిజం కాదని, ప్రాణాయామం విలువ వేరే చోట ఉందని రాశారు. టి.వి.లో యోగాతో అన్ని జబ్బులూ పోతాయని చెప్పేవాళ్ళను చూసినప్పుడల్లా మాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది.

1927లో రక్తపోటుతో బాధపడుతున్న గాంధీగారు ఆసనాల విషయమై ఆయనతో ఉత్తరాలు నడిపారు. పెద్దవాళ్ళ పరిచయాలు ఆయనకు చాలా ఉన్నాయి గానీ, మేము ఆ పట్టిక రాయబోవడం లేదు. మనకు కావలసింది ఆయన బడిపంతుళ్ళతో చేసిన పని.

ఒక్కడు ఎంతమందికని నేర్పగలడు? ఆయన లెక్క సులువైనది. వ్యాయామ ఉపాధ్యాయులకు నేర్పితే, ఒక్కొక్కరి ద్వారా కొన్ని వందల మంది పిల్లలకు చేరుతుంది. 1930 తరువాతి సంవత్సరాల్లో పెద్ద పెద్ద బృందాలుగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. బొంబాయి ప్రభుత్వ వ్యాయామ విద్యా సంఘాల్లో పనిచేసి బడుల్లోకి యోగాను తెచ్చారు. గుంపుగా, ఆదేశాల మీద చేయించే అభ్యాసాలతో 1936లో యౌగిక సంఘ వ్యాయామ్ అనే పుస్తకం తెచ్చారు. తీరిక లేనివారి కోసం ఆసనాలతో చిన్న కోర్సు, తీరిక ఉన్నవారికి పూర్తి కోర్సు వేరువేరుగా తయారుచేశారు. అందరూ పద్మాసనం వేసి తీరాలని పట్టుబట్టే మనిషి కాదన్నమాట. 1932లో ముంబయిలో శాఖ తెరిచారు. 1936లో అది మెరీన్ డ్రైవ్ దగ్గరికి మారింది. ఆఫీసులకు వెళ్ళేవారు అక్కడికి వచ్చి నేర్చుకునేవారు. 1951లో లోనావలాలో యోగా కాలేజీ పెట్టారు. యోగా నేర్పడం కూడా చదివి, పరీక్ష రాసి, పట్టా పుచ్చుకుని చేసే వృత్తి కావడానికి ఆ కాలేజీ దారి వేసింది. తరువాత యోగా ఆసుపత్రి కూడా వచ్చింది. 1966 ఏప్రిల్ 18న, 82 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. 2024లో కైవల్యధామకు వందేళ్ళు నిండాయి.

ఇక మా సంగతి. మా నాన్న హమాలీ, అమ్మ మిరప కోతలకు వెళుతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. పి.జి.లో చేరాక ఒక పట్టణంలో యోగా నేర్చుకుందామని ఒక చోటికి వెళ్ళాం. ఫీజు అడిగితే ముందు ఊరు అడిగారు, తరువాత ఊళ్ళో ఏ వీధి అని అడిగారు, ఆ తరువాత బ్యాచి నిండిపోయిందన్నారు. మరుసటి రోజు మా క్లాసు అబ్బాయికి అదే బ్యాచిలో చోటు దొరికింది. ఆ సాయంత్రం అన్నం సయించలేదు. యోగా మనలాంటి వాళ్ళది కాదని వదిలేద్దామనుకున్నాం. తరువాత మా యూనివర్సిటీ లైబ్రరీలో కువలయానంద గారి పుస్తకం చేతికి దొరికింది. అందులో ఆసనం ఎలా వెయ్యాలో, ఎక్కడ ఆపాలో, ఎవరు వేయకూడదో కూడా రాసి ఉంది. ఏ వీధివాళ్ళు వెయ్యాలో రాసి లేదు.

పుస్తకం చూసి సొంతంగా నేర్చుకోవడం మంచిది కాదని తెలిసి, మాకు తెలిసిన ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుని దగ్గర ఏడాదిన్నర నేర్చుకున్నాం. సంక్రాంతి సెలవుల్లో అమ్మకు భుజంగాసనం చూపిస్తే, పొద్దంతా వంగి కోతలు కోసే ఒంటికి మళ్ళీ ఈ వంకర్లు ఎందుకురా అని నవ్వింది. ఆలోచిస్తే ఆమె మాటలో న్యాయం ఉంది. రోజంతా ముందుకు వంగేవాళ్ళకు మళ్ళీ ముందుకు వంగే ఆసనాలు కాదు, వెనక్కు చాచి సేదదీర్చేవి కావాలి. అప్పటి నుండి ఆమెకు శవాసనం, మెల్లగా వేసే భుజంగాసనం మాత్రమే చెబుతున్నాం. మూడోరోజు పక్కింటి పిన్ని కూడా చాప తెచ్చుకుని వచ్చింది. సెలవులు అయ్యేసరికి మా వాకిట్లో ఆరుగురు.

వచ్చే ఏడాది యోగాలో డిప్లొమా చేయాలని మా ఆలోచన. గ్రూప్స్‌కి చదవక ఇదేమిటని ఇంట్లో, స్నేహితుల్లో గొడవ జరుగుతూనే ఉంది. గ్రూప్స్ కూడా రాస్తాం. ఫలితం ఏదైనా, ఈ వేసవిలో పదో తరగతి పరీక్షలు అయిన వెంటనే వార్డెన్ సార్ అనుమతితో పదిహేను రోజులు మన హాస్టల్ వరండాలో ఉదయం ఆరింటికి క్లాసు పెడుతున్నాం. ఆస్తమా ఉన్నవాళ్ళు, ఆపరేషన్ అయినవాళ్ళు ముందుగా మాతో చెప్పండి. ఖాళీ కడుపుతో రండి. మడిచిన దుప్పటి ఒకటి తెచ్చుకోండి, సిమెంటు నేల చల్లగా ఉంటుంది.