పట్టా రాలేదు.. పని ఆగలేదు!

స్కాట్లాండ్ తూర్పు తీరంలో ‘ఐల్ ఆఫ్ మే’ అనే చిన్న దీవి ఉంది. పొడవు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. అక్కడ ఊరు లేదు, కాపురాలు లేవు. సముద్ర పక్షులు, అప్పుడప్పుడు వచ్చి వాటిని అధ్యయనం చేసేవాళ్లు, చిన్న కోటలా కనిపించే లైట్‌హౌస్.. అంతే. 1816లో దాన్ని కట్టిన రాబర్ట్ స్టీవెన్సన్‌కు డిగ్రీ లేదు!

రాబర్ట్ 1772లో గ్లాస్గోలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. కొడుకు చర్చి బోధకుడు కావాలని తల్లి ఆశపడింది. అయితే ఆమె రెండో భర్త థామస్ స్మిత్ దీపాలు తయారుచేసేవాడు, లైట్‌హౌస్‌ల బోర్డుకు ఇంజినీరు. రాబర్ట్ ఆయన దగ్గరే పనిలో చేరాడు. 19 ఏళ్లకే లిటిల్ కంబ్రే దీవిలో లైట్‌హౌస్ నిర్మాణం చూసుకునే బాధ్యత మీద పడింది.

వేసవంతా సైట్‌లో పని, చలికాలం క్లాసులు. గ్లాస్గోలోనూ, ఎడిన్‌బరా యూనివర్సిటీలోనూ ఇలాగే చదివాడు. గ్రీకు రాదు, లాటిన్ అంతంతమాత్రం. దాంతో పట్టా చేతికి రాలేదు. అయినా 1811లో, పోటు వస్తే మునిగిపోయే బెల్ రాక్ బండ మీద దీపం వెలిగించి చూపించాడు. ఆ కట్టడం నేటికీ నిలిచే ఉంది.

మే దీవిలో 1636 నుంచీ రాత్రిళ్లు బొగ్గు మంట పెట్టేవారు. గాలివానకు అది సరిగ్గా కనపడేది కాదు. 1810లో రెండు యుద్ధనౌకలు ఒడ్డున ఉన్న సున్నపు బట్టీ మంటను ఈ దీపమే అనుకుని దారితప్పి పగిలిపోయాయని చెబుతారు. 1814లో బోర్డు ఆ దీవిని 60 వేల పౌండ్లకు కొనేసింది. రాబర్ట్ కొత్త టవర్ కట్టి, నూనె దీపాల వెనక అద్దాల్లాంటి రిఫ్లెక్టర్లు పెట్టాడు. వెలుగు నిలకడగా, దూరానికి కనిపించింది. రచయిత వాల్టర్ స్కాట్ కోరడంతో పాత టవర్‌ను పూర్తిగా కూల్చకుండా కింది భాగం ఉంచేశారు. 1989లో లైట్‌హౌస్ ఆటోమేటిక్ కావడంతో కాపలాదారులూ వెళ్లిపోయారు.

రాబర్ట్ 1850లో కన్నుమూశాడు. ముగ్గురు కొడుకులు అదే వృత్తిలో పేరు తెచ్చుకున్నారు. ‘ట్రెజర్ ఐలాండ్’ రాసిన ఆర్.ఎల్.స్టీవెన్సన్ ఆయన మనవడే.

మల్కాజ్‌గిరిలో రైలెక్కి కోచింగ్‌కి వెళ్లొచ్చే మీలో కొందరికి బ్యాక్‌లాగ్స్ ఉండొచ్చు. వాటిని క్లియర్ చేయాల్సిందే, డిగ్రీ అడిగే ఉద్యోగాలకు డిగ్రీ కావాల్సిందే. కానీ అంతవరకూ ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఈ సెలవుల్లో ఏదో ఒక చిన్న పనిలో చేరండి. రెజ్యూమెలో కోర్సు పేరు కింద, మీరు స్వయంగా పూర్తిచేసిన పని ఒక్కటైనా రాయగలగాలి.