ప్రేమ్ మాథుర్: కుడి సీటు ఇచ్చిన హైదరాబాద్ ఎడమ సీటు ఎందుకివ్వలేదు?

పుదుచ్చేరిలోని కదిర్కామం నుంచి లాస్‌పేట విమానాశ్రయం ఎంతో దూరం కాదు. హైదరాబాద్ నుంచి ఇక్కడికి ఏటీఆర్ విమానం వస్తుంది. రెండు ఇంజన్లు, బయటకు కనిపించే ప్రొపెల్లర్లు, ముందు భాగంలో రెండు సీట్లు. ఎడమ సీటులో కెప్టెన్, కుడి సీటులో ఫస్ట్ ఆఫీసర్. నడపడం ఇద్దరికీ వచ్చు. చాలాసార్లు ఒక ట్రిప్పు ఒకరు, మరో ట్రిప్పు మరొకరు నడుపుతారు కూడా. కానీ వాతావరణం బాగాలేనప్పుడు దిగాలా, మరో ఊరికి మళ్లించాలా అన్న ఆఖరి మాట ఎడమ సీటుదే. ఏదైనా జరిగితే జవాబు చెప్పుకోవాల్సిందీ ఆ సీటే.

ఆ రెండు సీట్ల మధ్య నిండా మీటరు దూరం ఉండదు. దాన్ని దాటడానికి సుమారు 75 ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక మహిళ ప్రయత్నించారు. ఆమె ప్రేమ్ మాథుర్. భారతదేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్‌గా పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆమె పేరు కనిపిస్తుంది. మార్కు రావడానికి అంతవరకు తెలిస్తే చాలు. ఉద్యోగం వచ్చాక ఆమెకు ఏం జరిగిందన్నది మాత్రం ఎక్కువమందికి తెలియదు.

భయపెడదామనుకుంటే...

ప్రేమ్ మాథుర్ 1910లో పుట్టారు. పైలట్ అయింది అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో. అంతకు ముందు కుటుంబానికి తెలిసిన ఒక పైలట్ ఆమెను విమానం ఎక్కించి, ఆకాశంలో పల్టీలు కొట్టించారట. భయపడి ఈ ఆలోచన మానుకుంటారన్నది ఆయన అంచనా. ఆమె మాత్రం కిందికి దిగగానే నేర్చుకోవాలని నిర్ణయించుకున్నారు.

అప్పటికే మన దేశంలో మహిళలు విమానాలు నడిపారు. ఊర్మిళా పరీఖ్ 1932లో, సరళా థక్రాల్ 1936లో లైసెన్సు తెచ్చుకున్నారు. కానీ ఆ లైసెన్సుతో సొంతంగా, సరదాకు మాత్రమే ఎగరొచ్చు. జీతం తీసుకుని విమానం నడపాలంటే కమర్షియల్ లైసెన్సు కావాలి. సరళా థక్రాల్ దానికీ సిద్ధమయ్యారు గానీ రెండో ప్రపంచ యుద్ధం రావడంతో ఆ శిక్షణ ఆగిపోయింది. ప్రేమ్ మాథుర్ 1947లో కమర్షియల్ లైసెన్సు సాధించారు. అప్పటికి ఆమె వయసు 37. ఆ వయసుకు చాలామంది పైలట్లు ఎడమ సీటులో స్థిరపడి ఉంటారు. ఆమె అప్పుడే మొదటి ఉద్యోగం కోసం దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టారు.

అవి విమాన సంస్థలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్న రోజులు. యుద్ధంలో వాడిన డకోటా విమానాలు చౌకగా దొరుకుతున్నాయి. అయినా ఎనిమిది సంస్థలు ఆమెను కాదన్నాయి. లైసెన్సులో లోపం చూపలేదు. మహిళ నడుపుతోందని తెలిస్తే ప్రయాణికులు ఎక్కరన్నదే అప్పటి భయం.

రైలు, బస్సు నడిపినవాళ్ల విమానం

ఆమెకు తలుపు తీసింది హైదరాబాద్‌కు చెందిన డెక్కన్ ఎయిర్‌వేస్. తెలుగువాళ్లకు ఈ సంస్థతో దగ్గరి బంధుత్వమే ఉంది. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం పెట్టింది. మన ఆర్టీసీకి మూలం అదే. అదే రైల్వే టాటాలతో కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్‌ను ఏర్పాటు చేసింది. మరుసటి ఏడాది బేగంపేట నుంచి సర్వీసులు మొదలయ్యాయి. ఢిల్లీ, మద్రాస్, బెంగళూరు వంటి నగరాలను ఆ విమానాలు హైదరాబాద్‌తో కలిపాయి.

ఆ విమానాలు డకోటాలు. ఈనాటి విమానాల్లోలాగా లోపల గాలి పీడనాన్ని సర్దే ఏర్పాటు వాటిలో లేదు. అందుకే మేఘాల పైకి వెళ్లి తప్పించుకునే వీలు తక్కువ. వానాకాలంలో ఆ మేఘాల మధ్యే దారి వెతుక్కోవాలి. ముక్కు మీద వాతావరణ రాడార్ ఉండేది కాదు. రేడియో ఆఫీసర్ అందించే సంకేతాలు, కింద కనిపించే నది, రైలు పట్టాలు, చేతిలోని మ్యాపు, వీటితోనే ప్రయాణం. తోక చక్రం మీద వాలి నిలబడే విమానం కాబట్టి నేల మీద నడిపేటప్పుడు ముందు ఏముందో సరిగా కనిపించదు కూడా. అలాంటి విమానంలో ప్రేమ్ మాథుర్ కో-పైలట్‌గా కుడి సీటులో కూర్చున్నారు.

ఇందిరా గాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి, లేడీ మౌంట్‌బాటన్ వంటివాళ్లు ఆమె ఉన్న విమానాల్లో ప్రయాణించారు. ప్రయాణికులు భయపడతారన్న వాదనకు ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు.

1949లో జాతీయ ఎయిర్ రేస్‌లోనూ ఆమె గెలిచారు. రేసులో ఫలితం చెప్పేది గడియారం. గాలి ఎటు వీస్తోంది, ఎంత ఎత్తులో వెళ్లాలి, మలుపు ఎక్కడ తీసుకోవాలి, ఇవన్నీ పైలట్ అప్పటికప్పుడు తేల్చుకోవాలి. అంటే నిర్ణయం తీసుకునే సత్తా కూడా అందరి ముందూ రుజువైంది.

గంటలు నిండాయి, సీటు రాలేదు

పైలట్ జీవితమంతా లాగ్‌బుక్‌లో ఉంటుంది. ఏ రోజు, ఏ విమానం, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలు, ఏ సీటులో అన్నది ప్రతి ట్రిప్పు తర్వాత అందులో రాయాలి. కో-పైలట్ కెప్టెన్ కావాలంటే నిర్ణీత గంటలు నిండాలి, పరీక్షలు నెగ్గాలి. ఈ పద్ధతిలో ఒక న్యాయం ఉంది. గంటలను లెక్కపెట్టవచ్చు. ఎవరి గంటైనా గంటే.

ప్రేమ్ మాథుర్ ఆ గంటలు పూర్తి చేశారు. కెప్టెన్ హోదా ఇవ్వమని అడిగారు. డెక్కన్ ఎయిర్‌వేస్ ఒప్పుకోలేదు.

ఎనిమిది సంస్థలు కాదన్నప్పుడు ఉద్యోగమిచ్చిన సంస్థే ఇక్కడ ఆగిపోయింది. దీన్ని వట్టి కృతఘ్నత అనో, ద్వేషమనో తేల్చేస్తే అసలు విషయం చేజారుతుంది. మహిళను కుడి సీటులో కూర్చోబెట్టడానికి సంస్థకు పెద్దగా ధైర్యం అక్కర్లేదు. పక్కన కెప్టెన్ ఉంటారు. బాధ్యత ఆయనది. తొలి మహిళా పైలట్‌ను తీసుకున్న సంస్థ అన్న పేరు కూడా దక్కుతుంది. ఎడమ సీటు ఇవ్వడమంటే వేరు. విమానాన్ని, ప్రయాణికులను, తోటి సిబ్బందిని ఆమె చేతికి అప్పగించాలి. కుడి సీటులో కూర్చునే మగ పైలట్ ఆమె మాట వినాలి. లాగ్‌బుక్‌లో రాయని పరీక్ష అది. దాన్ని నెగ్గాల్సింది ఆమె కాదు, సంస్థ.

ఇది ఒక్క హైదరాబాద్ కథ కాదు. అమెరికాలో హెలెన్ రిచీని సెంట్రల్ ఎయిర్‌లైన్స్ 1934 చివర్లో కో-పైలట్‌గా తీసుకుంది. పైలట్ల సంఘం ఆమెకు సభ్యత్వం ఇవ్వలేదు. వాతావరణం బాగున్న రోజుల్లోనే ఎగరాలన్న ఆంక్ష వచ్చింది. ఏడాది తిరగక ముందే ఆమె రాజీనామా చేశారు. ఆ తర్వాత అక్కడ ఎమిలీ వార్నర్ 1973లో ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్‌లో చేరే దాకా పెద్ద విమాన సంస్థల కాక్‌పిట్ మహిళలకు దూరంగానే ఉంది. వార్నర్ 1976లో కెప్టెన్ అయ్యారు.

బయటికొచ్చిన దారి

ప్రేమ్ మాథుర్ సర్దుకుపోలేదు. కో-పైలట్‌గానే కొనసాగి ఉంటే ఉద్యోగం, పేరు రెండూ ఉండేవి. ఆమె డెక్కన్ ఎయిర్‌వేస్ వదిలి ఢిల్లీ వెళ్లారు. కొంతకాలం పారిశ్రామికవేత్త ఘనశ్యామ్‌దాస్ బిర్లాకు పైలట్‌గా పనిచేశారు. సొంత విమానం ఉన్న యజమానికి పైలట్ మీద నమ్మకం ఉంటే చాలు, టికెట్లు అమ్ముడుపోతాయా అన్న బెంగ ఉండదు.

1953 ఆగస్టులో విమానయానం జాతీయమైంది. దేశంలోని ఎనిమిది సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పడింది. వాటిలో డెక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి. ఆమెకు కమాండ్ నిరాకరించిన సంస్థ పేరు అలా చరిత్రలో కలిసిపోయింది. ఆ ఏడాదే ఆమె ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరి, మిగతా ఉద్యోగ జీవితం అక్కడే గడిపారు. 1992 డిసెంబర్‌లో కన్నుమూశారు.

తొలి నియామకం, తొలి కమాండ్

ఆమె వెనక వచ్చినవాళ్లకూ దారి వెంటనే చదును కాలేదు. 1966లో దుర్బా బెనర్జీ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ అయ్యారు. 1985లో కెప్టెన్ సౌదామినీ దేశ్‌ముఖ్ కమాండ్‌లో, సిబ్బంది అంతా మహిళలే ఉన్న విమానం కలకత్తా నుంచి సిల్చార్ వెళ్లింది. అంటే ప్రేమ్ మాథుర్‌కు లైసెన్సు వచ్చాక 38 ఏళ్లకు. ఆ రోజు కుడి సీటులో కూర్చున్న నివేదితా భాసిన్ 1990లో, 26 ఏళ్ల వయసులో, జెట్ విమానానికి కెప్టెన్ అయ్యారు.

ఇవాళ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు, కెప్టెన్ కావడానికి అవసరమైన ఏటీపీఎల్‌కు 1500 గంటలు కావాలి. ఆపైన సంస్థలో సీనియారిటీ, సిమ్యులేటర్‌లో ఇంజన్ ఆగిపోవడం, మంటలు రావడం వంటి పరీక్షలు, శిక్షకుడిని పక్కన పెట్టుకుని ఎడమ సీటు నుంచి చేసే ప్రయాణాలు ఉంటాయి. ఇదంతా భద్రత కోసమే. దీనివల్ల మరో మేలు కూడా జరిగింది: ఒక పైలట్‌ను కాదనాలంటే ఏ పరీక్షలో ఎక్కడ తప్పారో కాగితం మీద చూపించాలి. ప్రేమ్ మాథుర్‌కు ఆ రక్షణ లేదు.

మన దేశంలో పైలట్లలో మహిళలు 15 శాతం దాకా ఉన్నారని ప్రభుత్వం చెబుతుంది. ప్రపంచ సగటు 5 శాతం దగ్గరే ఉంది. గర్వపడాల్సిన సంఖ్యే. అయితే అది రెండు సీట్లనూ కలిపి చెప్పే లెక్క. అందులో ఎడమ సీటు ఎందరిదన్నది విడిగా అడగాలి. పిల్లల కోసం విరామం తీసుకున్నవాళ్లు సీనియారిటీ జాబితాలో ఎక్కడికి జారారో కూడా చూడాలి.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్ల కేంద్ర శిక్షణ సంస్థను తర్వాతి కాలంలో హైదరాబాద్‌లోనే పెట్టింది. తరాల తరబడి కో-పైలట్లు ఇక్కడి సిమ్యులేటర్లలో పరీక్షలు నెగ్గి కెప్టెన్లయ్యారు. వాళ్లలో మహిళలూ ఉన్నారు. ఆ నగరం తొలి మహిళా పైలట్‌కు ఉద్యోగమిచ్చిందని చెప్పుకునేటప్పుడు, గంటలు నిండినా ఆమెకు కమాండ్ ఇవ్వలేదన్న సంగతి కూడా కలిపి చెప్పుకోవాలి.