చూపు గుట్టు విప్పిన ఇబ్నుల్ హైసమ్

మన పిల్లలు సైన్సు నోటుబుక్కులో కంటి బొమ్మ గీసి, బాణాలు పెట్టి, భాగాల పేర్లు వ్రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. సంతోషమే. కాని కన్ను ఎలా చూస్తుందో సరియైన దారిలో ఆలోచించి, పరీక్ష చేసి చూపించిన వాడెవరని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. ఆయన అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. యూరప్ వాళ్ళు అల్‌హాజెన్ అని పిలుచుకున్నారు. ఆ మహనీయుని సంగతి మన సభ్యులకు, కుటుంబాలకు నాలుగు మాటల్లో తెలియజేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఆయన క్రీ.శ. 965 ప్రాంతంలో, అనగా హిజ్రీ 354లో, ఇరాక్ దేశంలోని బస్రాలో జన్మించారు. గణితంలోను, ఖగోళశాస్త్రంలోను గొప్ప పండితుడనే పేరు ఈజిప్టు దాకా పాకింది. నైలు నది వరదను అదుపులో పెట్టవచ్చునని ఆయన అన్నట్లు అక్కడి ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. ఒక యేడు ముంచడం, ఒక యేడు ఎండగట్టడం ఏటి పక్కన బ్రతికే వాళ్ళకు తెలిసిన బాధే. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న మా వాకాడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఖలీఫా ఆయన్ని పిలిపించి, మనుషుల్నిచ్చి పంపించాడు.

ఇబ్నుల్ హైసమ్ అస్వాన్ దాకా పోయి చూశారు. దారిలో పూర్వీకులు కట్టిన మహా కట్టడాలు కనబడ్డాయి. ఇంత నేర్పరులకే సాధ్యం కానిది తనవల్ల కాదని గ్రహించి, తిరిగి వచ్చి ఆ మాటే చెప్పేశారు. (ఆ అస్వాన్ దగ్గరే పెద్ద ఆనకట్ట 1970లో గాని పూర్తి కాలేదు.) అల్ హాకిమ్ ఎప్పుడు ఎవరి తల తీయిస్తాడో తెలియని మనిషి. ఆయనిచ్చిన ఉద్యోగం వద్దనడానికి భయం, చేయడానికీ భయం. అందుకని పిచ్చివాడిలా నటించి ఇంట్లో నిర్బంధంలో ఉండిపోయారనీ, 1021లో ఖలీఫా పోయిన తరువాతే బయటికి వచ్చారనీ చరిత్రకారులు చెబుతారు. పిమ్మట అల్ అజ్‌హర్ మసీదు దగ్గర కాపురముండి, యూక్లిడ్, టాలెమీ గ్రంథాలకు నకళ్ళు వ్రాసి అమ్ముకుని జీవించారు. 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు.

ఆయన పేరు నిలబెట్టింది ఏడు భాగాల 'కితాబుల్ మనాజిర్'. అప్పటిదాకా యూక్లిడ్, టాలెమీ వంటి వాళ్ళు కంటిలోంచి కిరణాలు బయటికి పోయి వస్తువును తాకడం వల్ల చూపు కలుగుతుందని నమ్మారు. ఇబ్నుల్ హైసమ్ ఒప్పుకోలేదు. సూర్యుడివంక చూస్తే కన్ను నొప్పి పుడుతుంది గదా, అంటే బయటినుంచి ఏదో లోపలికి వచ్చి తాకుతున్నట్లే గదా అని ఆలోచించారు. వస్తువుమీద పడిన వెలుగు అక్కడినుంచి అన్ని వైపులకు చెదిరి, మన కంటిలోకి వస్తేనే చూపు అని తేల్చారు.

తేల్చి ఊరుకోలేదు. చీకటిగదికి చిన్న రంధ్రం, దాని ముందు వరుసగా దీపాలు. గదిలోపలి గోడమీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు పడ్డాయి. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే పోయింది. తెరిస్తే మళ్ళీ వచ్చింది. వెలుగు తిన్నగా పోతుందని, ఒకే రంధ్రంలో దూరినా కలగాపులగం కాదని దీనివల్ల రుజువైంది. ఇలాంటి పరీక్షకు ఆయన వాడిన మాట 'ఏతబార్'. మన ఉర్దూలో ఆ మాటకు నమ్మకమని అర్థం. ఆయన పుస్తకంలో పరీక్ష చేసి చూడడమని. ఈ తేడాను మా క్లాసులో తరచుగా చెబుతుంటాము.

అయితే ఆయన చెప్పినదంతా సరి కాదు. కంటి నిర్మాణం చాలావరకు గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పినదే తీసుకున్నారు. చూపు తెలిసేది కటకంలోనే అనుకున్నారు. 1604లో జర్మనీ పండితుడు కెప్లర్ ఆ లోటు తీర్చాడు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర కార్నియా. వెలుగు ఎక్కువగా వంగేది అక్కడే. తరువాత కంటిపాప, ఎండలో చిన్నదై, చీకటిలో పెద్దదవుతుంది. దాని వెనుక కటకం. దగ్గర వస్తువుకు ఉబ్బి, దూరం వస్తువుకు పలచనవుతుంది. ఆ వెనుక తెర రెటీనా. బొమ్మ దానిమీద తలక్రిందులుగా పడుతుంది. అక్కడ మసక వెలుతురుకు సుమారు 12 కోట్ల దండకణాలు, రంగులకు 60 లక్షల శంకుకణాలు ఉన్నాయి. వాటి సమాచారాన్ని దృక్‌నాడి మెదడుకు చేరవేస్తే, మెదడు దాన్ని నిలువుగా అర్థం చేసుకుంటుంది. ఉర్దూలో ఖర్నియా, షబకియా అని మనం నేర్చుకునే అరబీ పేర్లనే లాటిన్‌లోకి మార్చి కార్నియా, రెటీనా అన్నారు. ఆయన గ్రంథమూ లాటిన్‌లోకి పోయి 1572లో బాసెల్‌లో అచ్చయింది.

మనకు ఇందులో ఏముంది? మనవాడని చెప్పుకుని మురిసిపోతే చాలదు. కటకం మసకబారితే శుక్లం. సముద్రం ఒడ్డున ఎండలో కష్టపడేవాళ్ళకు ఆ బాధ మరీ ఎక్కువ. ఆకు పసర్లు, తేనె చుక్కలు పోసి కన్ను పోగొట్టుకోవద్దు; మసక కటకం తీసి కొత్తది పెడితే చూపు వస్తుంది. షుగరున్నవాళ్ళు యేటా రెటీనా చూపించుకోవాలి. బోర్డు కనబడక వెనుకబడిన పిల్లవాణ్ణి మొద్దు అని కొట్టకండి, ముందు కంటి డాక్టరుకు చూపండి. ఆడపిల్లకు అద్దాలు పెడితే సంబంధాలు రావని దాచేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. అది ఆ పిల్ల చదువును చీకటి చేయడమే.

మూడు దీపాలు, చిల్లు పెట్టిన ఒక అట్ట ఇంట్లో దొరక్కపోవు. ఈ రాత్రే పిల్లలచేత ఆ పరీక్ష చేయించి, ఆయన పేరు చెప్పండి.