సామర్లకోట వృక్షశాస్త్రవేత్త డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్

తునికి చెట్టు శాస్త్రీయ నామం డయాస్పైరస్ మెలనోజైలాన్. తబసి చెట్టుది స్టెర్క్యులియా యూరెన్స్. వేగిస చెట్టుది టెరోకార్పస్ మార్సూపియం. వృక్షశాస్త్రం అభ్యసించే మన విద్యార్థులు ఈ పేర్లన్నింటి చివర రాక్స్‌బ్. అనే పొడి అక్షరాలను గమనించే ఉంటారు. వాటిని పరీక్షకై కంఠస్థం చేసేవారు అనేకులు. ఆ అక్షరాల వెనుక ఉన్న మనిషి ఎవరని విచారించేవారు అరుదు. ఆ చెట్లకు శాస్త్రలోకంలో నామకరణం చేసిన ఆ వైద్యుడు ఎక్కడో ఐరోపాలో కూర్చుండి ఆ పని చేయలేదు. మన విశాఖపట్నానికి ఇంచుమించు నూటయాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న సామర్లకోటలో పన్నెండేండ్లు నివసించి, తెలుగువారి నోట ఆ చెట్ల పేర్లు విని వ్రాసుకొన్నాడు. చెట్టును చూచిన కంటితోనే ఆకాశాన్ని కూడా చూచి, రెండింటికీ గల సంబంధాన్ని లెక్క కట్టబూనిన తొలి కొద్దిమందిలో ఆయన ఒకడు. అందుచేతనే ఆ జీవితాన్ని మా శక్తికొలది మా విద్యార్థుల ముందు ఉంచదలచినాము.

విలియం రాక్స్‌బర్గ్ 1751వ సంవత్సరంలో స్కాట్లండు దేశపు ఎయిర్‌షైర్ ప్రాంతంలో జన్మించినాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివినాడు. ఆనాటి వైద్య విద్యార్థికి మూలికల పరిజ్ఞానం తప్పనిసరి కనుక వృక్షశాస్త్రం కూడా పాఠ్యభాగమే. జాన్ హోప్ అనే ఆచార్యుడు అక్కడ ఆ శాస్త్రాన్ని బోధించేవాడు. మొక్కల పేర్లు వల్లె వేయించుటతో తృప్తి పడక, వెలుగు, గురుత్వాకర్షణ మొక్కపై ఎట్లు పనిచేస్తాయో ప్రయోగాలు చేసి చూపిన గురువు ఆయన. అదే విశ్వవిద్యాలయంలో ఆ రోజులలోనే రసాయనశాస్త్ర పీఠాన్ని అలంకరించి ఉన్నవాడు జోసెఫ్ బ్లాక్. మన పాఠ్యపుస్తకాలలో కార్బన్ డయాక్సైడ్ అని పేర్కొనే బొగ్గుపులుసు వాయువును మామూలు గాలి నుండి వేరు చేసి గుర్తించిన మహనీయుడు ఈ బ్లాక్. మొక్క చెడిన గాలిని బాగుచేస్తుందని ప్రీస్ట్‌లీ కనుగొన్నది 1771లో. ఆ పని వెలుగులోనే జరుగుతుందని ఇంగెన్‌హౌజ్ నిరూపించినది 1779లో. మొక్క గాలిని తిని బ్రతుకుతుందన్న ఊహ అప్పుడప్పుడే రూపు దిద్దుకొంటున్న కాలమది. రాక్స్‌బర్గ్ విద్యాభ్యాసం ఆ వాతావరణంలో సాగినది.

ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్య సహాయకుడుగా తిరిగి, 1776లో ఆయన మద్రాసు వైద్యశాఖలో చేరినాడు. అడుగుపెట్టిన నాటి నుండే రోజుకు మూడు పర్యాయములు ఉష్ణమాపకాన్ని, వాయుభార మాపకాన్ని చూచి చిట్టాలో ఎక్కించుట మొదలుపెట్టినాడు. చెన్నపట్నపు కోటలో వ్రాసిన ఆ దినచర్య 1778లో లండను రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయినది. రోగులను చూచుటే దినమంతా చాలని కొలువు అది. ఎవ్వరూ అడుగని ఈ లెక్కలు వ్రాయమని కంపెనీ ఆజ్ఞాపించినట్లు లేదు. కష్టమైన పనిని ఒకనాడు చేయుట గొప్ప కాదు. సులభమైన పనిని ఏండ్ల తరబడి మానకుండ చేయుట బహు దుర్లభమని మాకు అనుభవంలో తెలిసిన సంగతే.

1781లో ఆయనను సామర్లకోట దండుకు వైద్యునిగా పంపినారు. గోదావరి మన్యానికి, కోరంగి రేవుకు నడుమనున్న ఆ చోటు వృక్షశాస్త్రజ్ఞునికి పెన్నిధి వంటిది. అక్కడ తోట వేసి మిరియం, కాఫీ, నీలి, చెరకు, పట్టుపురుగులకై మల్బరీ పెంచి చూచినాడు. ఇందులో కంపెనీ లాభాపేక్ష ఉన్నదన్నది దాచవలసిన విషయం కాదు. రాక్స్‌బర్గ్ కంపెనీ ఉద్యోగి. కంపెనీ వర్తక సంస్థ. కాని వర్తకానికి పనికిరాని మొక్కలను కూడా ఆయన అంతే శ్రద్ధతో వర్ణించినాడు.

ఇదే కాలంలో మన విశాఖపట్నంలో మరొక ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఉండెను. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. ఉర్దూ చదివిన మా విద్యార్థులు హలబ్ అని ఎరిగిన అలెప్పో నగరంలో చిరకాలం వైద్యం చేసి, ఇక్కడ కంపెనీ అధికారిగా ఉన్న తమ్మునితో కూడి వచ్చినాడు. మన సముద్రంలో దొరికే రెండు వందల చేపలను చిత్రాలతో వర్ణించిన ఆయన గ్రంథం 1803లో వెలువడినది; గ్రంథం పేరులోనే విశాఖపట్నం ఉన్నది. రక్తపింజరిని ఆంగ్లంలో రస్సెల్ పేరుతోనే పిలుస్తారు. ఈయన స్వదేశానికి మరలిపోగా కర్ణాటక ప్రాంతపు ప్రకృతి శాస్త్రవేత్త పదవి రాక్స్‌బర్గ్‌కు లభించినది.

సామర్లకోటలో ఆయన స్థానిక చిత్రకారులను జీతమిచ్చి నియమించి, పూవు, ఆకు, కాయ, గింజ వేరువేరుగా గీయించినాడు. 1790 నాటికి అట్టి చిత్రాలు ఏడు వందల వరకు చేరినవి. వానిలో ఏరిన మూడు వందలు కోరమాండల్ తీరపు మొక్కలు అనే పేరుతో 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటాలుగా లండనులో అచ్చయినవి. పటముల అడుగున వానిని రాగిరేకుపై చెక్కిన ఆంగ్లేయుని పేరు కనబడును. కాగితంపై గీసిన మనవాని పేరు కనబడదు. ఇది మాకు బాధ కలిగించే విషయం. అయితే తెలుగు పేర్ల విషయంలో మాత్రం ఆయన లోపం చేయలేదు. సోమిద చెట్టు పేరు సోయ్‌మిడా అనే ప్రజాతి నామమై నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు చెట్టు ఆకుల నుండి నీలిరంగు తీసి, దానికి రంగు నిచ్చేదని అర్థం వచ్చే లాటిన్ నామం పెట్టినవాడు కూడా ఆయనే.

ఈ తీరం ఇచ్చినది ఇచ్చినట్లే తిరిగి తీసికొన్నది కూడా. సముద్రం పొంగిన ఒక ఉప్పెనలో ఆయన తన తొలినాటి గ్రంథాలను, సేకరించిన మొక్కలను కోల్పోయినాడు. కోరంగి వైపు 1787 మే నెలలో వచ్చిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క పూటలో మన నగరపు చెట్లను కూల్చివేయగా చూచినవారికి ఆ నష్టం ఎటువంటిదో వివరించ నక్కరలేదు. రాక్స్‌బర్గ్ మరల మొదటి నుండి సేకరణ ప్రారంభించినాడు.

ఆపై వచ్చినది కరువు. 1789 నుండి వరుసగా వానలు తప్పినవి. ఉత్తర సర్కారులు మాడిపోయినవి. శవాలను దహనం చేయువారు లేక ఎముకలు దారుల వెంట పడియుండుట చేత దేశంలో దానికి పుర్రెల కరువని పేరు వచ్చినది. రాక్స్‌బర్గ్ చేతిలో అప్పటికి పదునాలుగేండ్ల వాతావరణపు లెక్కలు ఉన్నవి. ఈ అనావృష్టి మామూలు ఎద్దడి కాదని ఆయన గ్రహించినాడు. ఇట్టిది ఇంతకు మునుపు వచ్చినదా అని విచారింపగా, పిఠాపురం రాజావారి వద్ద నిలిచి ఉన్న వృత్తాంతాల వలన ఇంచుమించు నూరేండ్ల క్రిందట, 1685 ప్రాంతంలో, ఇటువంటి ఘోర క్షామమే కలిగినట్లు తెలిసినది. అనగా ఇది దైవికమైన ఒంటరి ఉత్పాతం కాదు, తిరిగి తిరిగి వచ్చేది. దానికి సిద్ధపడి ఉండవలెనని ఆయన కంపెనీకి వ్రాసినాడు. కాలువ గట్ల మీద, చెరువు కట్టల మీద కొబ్బరి, తాటి, ఈత, సగ్గుబియ్యపు చెట్టు, అరటి, పనస, సీమపనస నాటింపుమని సలహా ఇచ్చినాడు. వరి ఒక్క వాన తప్పితే పోవును. లోతుగా వేరు దన్నిన చెట్టు కొంతకాలం నిలిచి ఆకలి తీర్చును. ఆ రోజులలోనే మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు కృష్ణా గోదావరుల నీటిని పొలాలకు మళ్ళించే మార్గాలను పరిశీలించినాడు. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట మాత్రం 1847లో మొదలై 1852లో గాని పూర్తి కాలేదు. నడుమ గడచినవి యాభై సంవత్సరాలకు పైన. ఆ యాభై ఏండ్లలో 1833 నాటి గుంటూరు కరువు కూడా వచ్చి పోయినది.

రాక్స్‌బర్గ్ వ్రాసిన ఉత్తరాలు రెండు వందల ఏండ్ల తరువాత మరల పనికి వచ్చినవి. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కుట వలన మన రుతుపవనం బలహీనపడే స్థితిని నేడు ఎల్ నినో అంటారు. 1789-93 నాటి కరువు అట్టి ప్రబలమైన ఎల్ నినో ఫలితమని చరిత్రకారుడు రిచర్డ్ గ్రోవ్ 1998లో చూపినప్పుడు, ఆధారాలలో సామర్లకోట వైద్యుని సాక్ష్యం కూడా ఉన్నది.

ఆ కరువుకు బొగ్గుపులుసు వాయువు కారణం కాదు. ఆయన పీల్చిన గాలిలో ఆ వాయువు పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు మాత్రమే. నేడు 420 దాటినది. ఈ పెరుగుదలకు ముఖ్య కారణం బొగ్గు, చమురు దహనం. మన ఉక్కునగరంలో నివసించేవారికి ఇది పరాయి విషయం కాదు. రేవున దిగిన బొగ్గు కోకుగా మారి బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుపరాతిని కరగించినప్పుడు, ఆ విధానంలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు మించి ఈ వాయువు గాలిలో కలుస్తుంది. ఉక్కు కావలెనని పోరాడి సాధించుకొన్న ఊరు మనది. ఆ సంగతి మరువకుండానే ఈ లెక్కను కూడా ఎరిగి ఉండవలెను.

బొగ్గుపులుసు వాయువు మొక్కకు ఆహారమే కదా, ఎక్కువైతే పంటలు ఇబ్బడిముబ్బడిగా పండవా అని తెలివైన విద్యార్థులే మమ్ములను అడుగుతారు. ప్రశ్న సహేతుకమైనదే. వరి, గోధుమ, వేరుశనగ, ఆముదం వంటి మొక్కలు ఈ వాయువు పెరిగినకొద్దీ ఎక్కువ పిండిపదార్థం తయారు చేస్తాయి. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలో పైకప్పు లేని గదులు నిర్మించి, వాయువు మోతాదు పెంచి ఆముదం, మినుము వంటి పైరులపై పరీక్షించినారు. పెరుగుదల హెచ్చిన మాట వాస్తవం. జొన్న, మొక్కజొన్న, చోడి, చెరకు వేరొక తెగ. వాని ఆకులలో ఈ వాయువును పోగుచేసుకొనే ఏర్పాటు పుట్టుకతోనే ఉన్నది. గాలిలో అది పెరిగినంత మాత్రాన వానికి ఒరిగేది స్వల్పం, ఎద్దడి వేళ కొంత నీరు ఆదా అగుట తప్ప. అనకాపల్లి చెరకుకు, మన్యపు చోడికి ఇది వర్తించును.

వరికి లభించే మేలు కూడా చేతికి అందునంతలో జారిపోవచ్చును. పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు మించితే పుప్పొడి చచ్చి కంకులు తాలు పోతాయి. దాళ్వా నాట్లు ఆలస్యమైన ఏట పూత సరిగ్గా ఆ ఎండల పాలవుతుంది. వాయువు అధికమైనప్పుడు ఆకు తన పత్రరంధ్రాలను సగం మూసుకొంటుంది. నీరు మిగులుతుంది గాని, చెమట పట్టని దేహం వలె ఆకు మరింత వేడెక్కుతుంది. పైగా గింజలో పిండి పెరిగినంతగా మాంసకృత్తులు, ఖనిజాలు పెరుగవు. పది లక్షలకు 550 పాళ్ళ వాయువులో పండించిన గోధుమలో జింకు తొమ్మిది శాతం వరకు తగ్గినట్లు 2014లో ప్రకటితమైనది. వరిలో కూడా మాంసకృత్తులు తగ్గుతాయి. అన్నమే ప్రధానాహారమైన ఇండ్లలో ఇది చిన్న విషయం కాదు. ఇక వానే రాకున్న, గాలిలో ఎంత ఆహారమున్నను ఎండిన మొక్క తినలేదు. రాక్స్‌బర్గ్ చూచిన పొలాలు అట్టివే.

మరొక చిత్రమైన సంగతి కలదు. పూర్వులు కాగితాల నడుమ ఎండబెట్టి భద్రపరచిన ఆకులను వుడ్‌వర్డ్ అనే శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినితో పరీక్షించి, గడచిన రెండు వందల ఏండ్లలో పత్రరంధ్రాల సాంద్రత దాదాపు నలభై శాతం తగ్గినదని 1987లో ప్రకటించినాడు. ఆ ఆకులు బ్రిటిషు చెట్లవి. గాలి మారినదని ఆకు తన దేహం మీదనే వ్రాసుకొంటుందన్నమాట. రాక్స్‌బర్గ్ ఎండబెట్టిన తెలుగునాటి ఆకులు కూడా 280 పాళ్ళ గాలిలో పెరిగినవే.

1793లో ఆయన కలకత్తా శివపూర్‌లోని కంపెనీ ఉద్యానవనానికి అధ్యక్షుడై వెళ్ళి ఇరువది ఏండ్లు దానిని పెంచి పోషించినాడు. నారపంటలపై అక్కడ చేసిన పరీక్షలు ప్రత్యేకంగా వ్రాయదగినవి. ఆరోగ్యం క్షీణించగా 1813లో ఈ దేశం విడిచి, దారిలో సెయింట్ హెలెనా దీవి మొక్కలను కూడా జాబితా వ్రాసి, 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూసినాడు. గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది.

ఆయన బ్రతికి ఉండగా ఫ్లోరా ఇండికా అచ్చు కాలేదు. మిత్రుడైన విలియం కేరీ శ్రీరామపూరు ముద్రణాలయంలో దానిని 1820లో ఆరంభించగా, మూడు సంపుటాలు సంపూర్ణంగా వెలువడుటకు 1832 వచ్చినది. రెండున్నర వేలకు పైబడిన చిత్రాలు ఒక ప్రతి లండను సమీపంలోని క్యూ ఉద్యానవనంలో, మరొక ప్రతి కలకత్తాలో ఉన్నవి. ఫ్లోరా ఇండికా పుటలలో లాటిన్ పేరు క్రింద సంస్కృతం, హిందూస్థానీ, వంగభాషల పేర్లతో పాటు, సామర్లకోటలో ఆయన విని వ్రాసుకొన్న తెలుగు పేర్లు నేటికీ చదువుకొనవచ్చును.