చక్రపాణి

చక్రపాణి (1908 ఆగస్టు 5 - 1975 సెప్టెంబరు 24) ప్రసిద్ధ రచయిత, అనువాదకుడు, పత్రికా సంపాదకుడు, సినీ నిర్మాత. ఆయన అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. చందమామ పత్రిక వ్యవస్థాపకులలో ఒకడు. మాంత్రికులు, ఖడ్గవీరులు, వింతజంతువులతో నిండిన సచిత్ర ధారావాహికలు తెలుగు పిల్లలకు అందడానికి ఆ పత్రికే ప్రధాన కారణం.

బాల్యం, అనారోగ్యం

చక్రపాణి గుంటూరు జిల్లా తెనాలి వద్ద ఐతానగరంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. జాతీయోద్యమ ప్రభావంతో చదువు మధ్యలోనే మాని, హిందీ అభ్యసించాడు. యౌవనంలో క్షయవ్యాధి సోకడంతో 1932 ప్రాంతంలో మదనపల్లె శానిటోరియంలో చేరవలసి వచ్చింది. ఆనాటికి క్షయకు సరైన మందు లేదు. విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, మంచి గాలి - ఇవే చికిత్స. అక్కడ గడిపిన కాలంలో ఆయన బెంగాలీ నేర్చుకున్నాడు. తరువాత శరత్ చంద్ర చట్టోపాధ్యాయ నవలలను తెలుగులోకి అనువదించాడు. ఆ అనువాదాలు ఎంత సహజంగా ఉండేవంటే, శరత్ తెలుగు రచయితేనని చాలామంది పాఠకులు భావించారు.

చందమామ

1941లో విడుదలైన ధర్మపత్ని చిత్రానికి సంభాషణలు వ్రాసి చక్రపాణి సినీరంగంలో ప్రవేశించాడు. మద్రాసులో బి.నాగిరెడ్డితో ఏర్పడిన స్నేహం జీవితాంతం కొనసాగింది. వారిరువురూ కలిసి 1947 జూలైలో చందమామను తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించారు. తరువాత అది ఇతర భారతీయ భాషలకు విస్తరించింది. 1952 నుండి సంపాదక బాధ్యతలను కొడవటిగంటి కుటుంబరావు నిర్వహించాడు.

చందమామలో బొమ్మ కథకు కేవలం అలంకారం కాదు. చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లవాడు సైతం బొమ్మల వెంట కథను పట్టుకోగలిగేవాడు. చిత్రా (టి.వి.రాఘవన్), ఎం.టి.వి.ఆచార్య, శంకర్, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులు ఈ పత్రికకు పనిచేశారు.

1954లో దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన తోకచుక్క ధారావాహిక మొదలైంది. ఆ తరువాత మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం వంటివి వెలువడ్డాయి. వీటికి చిత్రా బొమ్మలు వేశాడు. శిథిల దుర్గాలు, అడవిజాతుల వేషధారణ, భయంకర మృగాల ఆకారాలు ఆయన గీతల వల్లనే పాఠకుల మనసులలో స్థిరపడ్డాయి. ఈ ధారావాహికలపై రచయిత పేరు ఉండేది కాదు. బొమ్మ మూలన మాత్రం చిత్రకారుని సంతకం ఉండేది. అందువలన ఒక తరం పాఠకులకు చిత్రా పేరు కంఠస్థమైనా, ఆ కథలు వ్రాసినదెవరో చాలాకాలం తెలియలేదు.

పాశ్చాత్య దేశాలలో ఈ తరహా కథలకు అమెరికన్ రచయిత రాబర్ట్ హోవర్డ్ 1932లో సృష్టించిన కోనన్ ప్రసిద్ధ ఉదాహరణ. ఫ్రాన్సులో మోబియస్, ఫిలిప్ ద్రుయే తదితరులు ఇటువంటి అద్భుత లోకాలను పెద్దల కోసం చిత్రించి, 1974లో ఒక పత్రికనే స్థాపించారు. తెలుగులో వీటి వేర్లు వేరు. కాశీమజిలీ కథలు, జానపద గాథలు ఇక్కడ పునాది. ఉద్దేశించిన పాఠకులు పిల్లలు. అక్కడ బొమ్మల చట్రాలే కథను నడిపిస్తే, ఇక్కడ వచనమూ బొమ్మా పక్కపక్కన నడిచాయి.

సినిమాలు

నాగిరెడ్డి, చక్రపాణి విజయా ప్రొడక్షన్స్ పతాకంపై షావుకారు (1950), పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962) వంటి చిత్రాలను నిర్మించారు. వీటిలో పాతాళభైరవి చందమామ లోకానికి అతి సమీపమైనది. దీని దర్శకుడు కె.వి.రెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రికి చెందినవాడు. సాహసి అయిన తోటవాని కొడుకు, నేపాళ మాంత్రికుడు, కోరికలు తీర్చే దేవత - ఈ జానపద కథను గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం కన్నులకు కట్టింది.

మరణం, తదనంతరం

చక్రపాణి 1975 సెప్టెంబరు 24న మరణించాడు. ఆయన తరువాత కూడా చందమామ కొనసాగింది. 1998లో ఆగి 1999లో తిరిగి ప్రారంభమైంది. 2007లో యాజమాన్యం మారింది, మరికొన్నేళ్ళకు ప్రచురణ నిలిచిపోయింది. అయితే ఇంటింటా బైండు చేయించి దాచుకున్న పాత సంచికలు మిగిలాయి. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు తరువాత పుస్తకాలుగా వెలువడ్డాయి. పేరు లేకుండా అచ్చయిన ఆ కథలపై రచయిత పేరు చేరింది.