మత్తిచ్చిన తొలి డాక్టరమ్మ రూపాబాయి

ఆ మధ్య మా ఆడపడుచుకి విశాఖలోనే సిజేరియన్ అయింది. ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం ఇంట్లో ఒకటే చర్చ. నడుములో సూది వేస్తారట, ఆ సూది పడితే జన్మంతా నడుం నొప్పి వదలదట అని మా అత్తగారి బెంగ. గాజువాక నుంచి చూడ్డానికొచ్చిన పిన్నిగారేమో ఒళ్ళంతా మత్తిచ్చేయమని అడగండర్రా అని సలహా. పాపం, లోపల పడుకున్న పిల్లకి మాత్రం నోట మాట లేదు.

అంతలో మత్తు డాక్టరు వచ్చారు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో ఆవిడకి. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని అన్నీ ఓపిగ్గా చెప్పారు. ఆ సూది వల్ల ఎప్పటికీ నడుం నొప్పి వస్తుందన్నది అపోహేనట. కాన్పయిన ఆడవాళ్ళలో నడుం నొప్పి మామూలేననీ, సూది వేయించుకోని వాళ్ళకీ అది వస్తుందనీ చెప్పారు. కొద్దిమందికి రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు, సన్న సూదులు వచ్చాక అదీ తగ్గిందన్నారు. తల్లి మెలకువగా ఉంటుంది, బిడ్డ ఏడుపు చెవులారా వింటుంది అనేసరికి మా పిల్ల మొహంలోకి కాస్త కళ వచ్చింది.

మర్నాడు పండంటి ఆడపిల్ల పుట్టింది. ఊరంతా ఫోన్లు చేసి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ గురించి గొప్పగా చెప్పుకున్నాం. మరి ఆ మత్తు డాక్టరు పేరేమిటి? మా ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు! నాక్కూడా. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే పుస్తకాలు తిరగేస్తుంటే మన తెలుగు నేల మీదే, నూట పాతికేళ్ళకు ముందే మత్తు డాక్టరుగా పనిచేసిన ఒకావిడ కనిపించింది. పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ. హైదరాబాదులో చదివిన పార్సీ అమ్మాయి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆవిడేనని వైద్య చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు.

అసలు మత్తుమందన్నది లేని రోజుల్లో ఆపరేషన్ అంటే ఏమిటో ఊహించుకోండి. నలుగురు గట్టిగా పట్టుకుంటే ఒకరు కోసేవారు. 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ వాసన చూపించి, నొప్పి తెలియకుండా ఆపరేషన్ జరిగేలా చేశాడు. చిత్రమేమిటంటే హైదరాబాదులో వైద్య పాఠశాల మొదలైంది కూడా ఆ 1846లోనే. మరుసటి ఏడాది 1847లో ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు కాన్పు నొప్పులకి క్లోరోఫాం వాడాడు. 1853లో విక్టోరియా రాణి పురిటికి కూడా క్లోరోఫామే ఇచ్చారు. ఇక దానికి తిరుగేముంది!

కానీ ఏ మందుకైనా రెండో ముఖం ఉంటుంది కదా. 1848 జనవరిలో ఇంగ్లాండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి వెళ్ళి, క్లోరోఫాం పీల్చిన కాసేపటికే చనిపోయింది. గోరు కోసం ప్రాణం! అలాంటి చావులు తర్వాత కూడా అక్కడా ఇక్కడా జరుగుతూనే వచ్చాయి. దాంతో డాక్టర్లు రెండు పక్షాలైపోయారు. క్లోరోఫాం గుండెని ఆపేస్తుంది కాబట్టి నాడి చూస్తూ ఉండాలని లండన్ వాళ్ళు. కాదు, ముందు ఊపిరే ఆగుతుంది కాబట్టి ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలని ఎడింబరో వాళ్ళు.

ఈ తగువు తీర్చడానికి నడుం కట్టింది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాదులో! అప్పట్లో రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో చదువుకున్నవాడు, క్లోరోఫాం అంటే ప్రాణం పెట్టేవాడు. వైద్య పాఠశాల బాధ్యత కూడా ఆయనదే. ఆడపిల్లలకి ఆ పాఠశాల తలుపులు తెరిచింది కూడా ఆయనే. 1885లో చేరిన అమ్మాయిల్లో రూపాబాయి ఒకరు.

ఆ రోజుల్లో హైదరాబాదు ఎలా ఉండేదో మనకి తెలియనిది కాదు. హిందూ ఇళ్ళలోనూ ముస్లిం ఇళ్ళలోనూ ఘోషా. ప్రాణం పోతున్నా మగ డాక్టరుకి చెయ్యి చూపించని ఆడవాళ్ళెందరో. పార్సీలు ఆడపిల్లల్ని ముందుగానే బడికి పంపారు గానీ, అబ్బాయిలతో కలిసి శవాన్ని కోసి నేర్చుకోవాల్సిన చదువుకి పంపడం మాత్రం ఆ కాలానికి ఎంత సాహసం! రూపాబాయి నాలుగేళ్ళు చదివి 1889లో పట్టా పుచ్చుకుంది. హకీం అనేవారు ఆ పట్టాని.

ఆవిడ చదువు, క్లోరోఫాం తగువు ఒకే సమయంలో నడిచాయి. 1888లో లారీ మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ నడిపాడు. కుక్కలకి మందిచ్చి చూసి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చాడు. లండన్‌లోని లాన్సెట్ వైద్య పత్రిక దాన్ని నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోమన్నాడు. ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు 1889లో హైదరాబాదు వచ్చాడు. వందల కొద్దీ జంతువుల మీద మళ్ళీ పరీక్షలు జరిగాయి. లారీ మాటే నిజమని ఆయనా ఒప్పుకున్నాడు. ఈ కమిషన్ల పనిలో పాలుపంచుకున్నవారిలో రూపాబాయి కూడా ఉంది. అప్పటికి ఇంకా విద్యార్థిని, లేదా పట్టా పుచ్చుకున్న కొత్త!

మరి ఈథర్ ఉండగా క్లోరోఫామే ఎందుకని మీకు అనుమానం రావచ్చు. మనలాంటి వేడి దేశంలో ఈథర్‌తో వేగడం కష్టం. ముప్ఫై అయిదు డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది, ఎండాకాలంలో సీసా మూత తీస్తే చాలు ఆవిరైపోతుంది. పైగా భగ్గున అంటుకునే గుణం. దీపం వెలుగులో ఆపరేషన్ చేసే రోజుల్లో ఎంత భయం! ఘాటు వాసన, దగ్గు సరేసరి. క్లోరోఫాం తియ్యటి వాసన, నిప్పంటుకోదు, గుడ్డ మీద కొద్ది చుక్కలు వేస్తే చాలు. కానీ చాలినంతకీ, ప్రాణం మీదకొచ్చినంతకీ తేడా చాలా తక్కువ. ఆ తేడా తెలిసి ఉండటమే మత్తు డాక్టరు పని.

ఆ పనే రూపాబాయి చేసింది, ఏళ్ళ తరబడి. రెసిడెన్సీ ఆసుపత్రిలో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, జనానా ఆసుపత్రిలో. కత్తి పట్టినవాడి చూపు గాయం మీద ఉంటే, ఆవిడ చూపు రోగి ఛాతీ మీద. మనకిప్పుడు థియేటర్లో గుండెకి ఒక తీగ, వేలికి ఒక క్లిప్పు, టిక్కు టిక్కుమనే మిషన్లు. ఆవిడకి ఉన్నవి రెండు కళ్ళు, రెండు చెవులు, ఒక చెయ్యి. ఊపిరి గుర్రుమంటోందా, ఆగి ఆగి వస్తోందా, పెదవి రంగు మారిందా? చూపు ఒక్క క్షణం పక్కకి పోతే ఒక తల్లి లేచి రాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచేసింది. ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడే తర్వాత ఉస్మానియా ఆసుపత్రి లేచింది.

ఆ మరుసటి ఏడాది, 1909లో రూపాబాయి సముద్రం దాటి ఎడింబరో వెళ్ళింది. ఇరవయ్యేళ్ళుగా పని చేస్తున్న మనిషి, మళ్ళీ విద్యార్థినిగా! మత్తు వైద్యానికంటూ అక్కడ అప్పటికి వేరే డిప్లొమా లేదు. అందుకని ఈ పనికి పనికొచ్చే భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం చదువుకుంది. చేతికి వచ్చిన పనే అయినా అది ఎందుకలా జరుగుతుందో తెలుసుకోవాలన్న తపన చూడండి. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టగానే ఇంకేం చదువులే అనుకునే నాలాంటివాళ్ళకి అది గట్టి చురకే. తిరిగొచ్చి ఉద్యోగం కొనసాగించి, 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా రిటైరైంది. మన విశాఖలో వైద్య కళాశాల మొదలైంది ఆ తర్వాత మూడేళ్ళకి, 1923లో!

ఇక్కడో నిజం దాచకుండా చెప్పాలి. హైదరాబాదు కమిషన్లు తేల్చింది పూర్తిగా సరి కాదు. 1911లో లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు, మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండెని ఉన్నట్టుండి ఆపేయగలదని పిల్లుల మీద రుజువు చేశాడు. అంటే లండన్ వాళ్ళ భయంలోనూ నిజముంది. క్రమంగా క్లోరోఫాం థియేటర్ల నుంచి తప్పుకుంది. అలాగని రూపాబాయి శ్రమ వృథా అయిందా? లేదు. మందు మారింది గానీ ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న పాఠం మారలేదు. నాడినీ ఊపిరినీ రెండింటినీ చూడాలని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నదే.

నడుములో సూది కథా అంతే. 1898లో జర్మనీలో బీర్ అనే డాక్టరు మొదట కొకెయిన్ వాడాడు. తనమీదే ప్రయోగం చేయించుకుని రోజుల తరబడి తలనొప్పితో మంచం పట్టాడు. కొకెయిన్ విషమని దాన్ని మాన్పించి ప్రొకెయిన్ వచ్చింది. తర్వాత లిగ్నొకెయిన్ వచ్చింది. అది త్వరగా పనిచేస్తుంది, త్వరగా వదుల్తుంది. కానీ నడుములో వేస్తే కొందరికి తర్వాత పిరుదులు, కాళ్ళు నొప్పెడుతున్నాయని ఆ వాడకం తగ్గించారు. ఇప్పుడు ఎక్కువగా వేసేది బుపివకెయిన్. రెండు మూడు గంటలు పట్టు ఉంటుంది. చక్కెర కలిపి కాస్త బరువుగా చేస్తారు, అందువల్ల కావలసిన చోటికే దిగుతుంది. అయితే బీపీ పడిపోవచ్చు, అందుకే పక్కన మనిషి ఉండి తీరాలి. గుండెకి కాస్త నెమ్మదైనవని లెవోబుపివకెయిన్, రోపివకెయిన్ కూడా వచ్చాయి. ఒక్కో మందుకీ ఒక్కో గుణం, ఒక్కో దోషం. దేన్ని ఎవరికి ఎంతివ్వాలో తూచి చూసేది మత్తు డాక్టరే.

అందుకే ఓ మాట. ఈసారి మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషనైతే మత్తు డాక్టరుతో ముందుగా మాట్లాడండి. బీపీ, ఆస్తమా, వేసుకుంటున్న మందులు, పడని మందులు, అన్నీ దాచకుండా చెప్పండి. భయాలుంటే అడగండి. ఇరుగుపొరుగు మాటలు విని బెంగ పెట్టుకోకండి.

మా మేనకోడలి బారసాలకి ముందు నేను ఆసుపత్రికి వెళ్ళి ఆ మత్తు డాక్టరమ్మ పేరు కనుక్కున్నాను. పిలుపు అందుకుని ఆవిడ వచ్చారు కూడా. పాపని ఎత్తుకున్నప్పుడు ఆవిడ చూపు ముందు ఎక్కడికి వెళ్ళిందో తెలుసా? పాప ఊపిరి మీదికి. అలవాటు కదా!