స్పానిష్‌లో రాసి లోకంతో చదివించారు

స్పెయిన్ మ్యాప్‌లో పెటిల్యా దె అరగోన్ అనే కొండ ఊరు వింతగా కనిపిస్తుంది. పాలన నవార్రా ప్రాంతానిది, చుట్టూ ఉన్న నేలంతా అరగోన్‌ది. ఆంధ్రప్రదేశ్ మధ్య ఉంటూ పుదుచ్చేరి కిందికి వచ్చే మన యానాం లాంటిదే. 1852 మే 1న ఆ ఊళ్లో సాంటియాగో రామోన్ ఇ కహాల్ పుట్టారు. మెదడు గురించి మన పిల్లలు సైన్సు పుస్తకంలో చదివే నాడీకణం పాఠానికి పునాది వేసిన శాస్త్రవేత్త ఆయన.

తండ్రి వైద్యుడు. కొడుకునూ వైద్యుణ్ని చేయాలని పట్టుబట్టారు. పిల్లవాడికి బొమ్మలంటే పిచ్చి. చదువు మీద ధ్యాస లేదని క్షౌరశాలలో ఒకసారి, చెప్పులు కుట్టే దుకాణంలో ఒకసారి పనికి పెట్టారు. చివరికి శ్మశానం నుంచి తెచ్చిన ఎముకలు ముందు పెట్టుకుని తండ్రే పాఠం చెప్పారు. ఎముకల బొమ్మలు గీస్తూ అబ్బాయి చదువులో పడ్డాడు. 1873లో జరగోజాలో వైద్య పట్టా పుచ్చుకున్నారు. సైన్యంలో వైద్యుడిగా క్యూబా వెళ్లి, మలేరియాతో చిక్కి శల్యమై తిరిగొచ్చారు.

1887లో మాడ్రిడ్‌లో ఒక తోటి వైద్యుడి దగ్గర ఆయన కొన్ని స్లైడ్లు చూశారు. ఇటలీకి చెందిన గోల్జి 1873లో కనిపెట్టిన వెండి రంగు పద్ధతితో చేసినవి అవి. కొద్ది కణాలకే రంగు పడుతుంది, పడిన కణం కొమ్మలతో సహా నల్లగా తేలుతుంది. కహాల్ ఎదిగిన మెదడుకు బదులు పక్షి పిల్లల, పిండాల మెదళ్లు తీసుకున్నారు. అప్పుడు చిక్కు విడిపోయింది. మెదడంతా ఒకే వల అని గోల్జి నమ్మేవారు. కాదు, ప్రతి కణమూ విడిగానే ఉండి పక్కదాన్ని తాకుతుందని కహాల్ చూపించారు.

అయితే చూసింది ఎవరికి చెప్పాలి? ఆనాడు సైన్సు జర్మన్, ఫ్రెంచి, ఇంగ్లిషుల్లో నడిచేది. స్పానిష్ చదివే శాస్త్రవేత్తలు అరుదు. కహాల్ 1888 మేలో సొంత డబ్బుతో స్పానిష్‌లో పత్రిక పెట్టారు. మొదటి సంచిక 60 ప్రతులు. పేరున్న విదేశీ శాస్త్రవేత్తలకు పంపారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన స్పానిష్‌లో రాయడం మానలేదు, అక్కడితో ఆగనూ లేదు. తన వ్యాసాలను ఫ్రెంచిలో పెట్టారు. 1889లో స్లైడ్లు పట్టుకుని బెర్లిన్ సభకు వెళ్లి, తడబడే ఫ్రెంచిలోనే వివరిస్తూ ఒక్కొక్కరినీ మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. 72 ఏళ్ల జర్మన్ పండితుడు కోలికర్ చూసి ఒప్పుకున్నారు. కహాల్ వ్యాసాలు చదవడం కోసమే ఆ వయసులో స్పానిష్ నేర్చుకున్నారు. తర్వాత ఆయన వల్లే మిగతావారికి కహాల్ పేరు తెలిసింది.

ఒక పరిశోధనను ఎందరు తమ వ్యాసాల్లో ప్రస్తావించారో లెక్కగట్టి ఇప్పుడు దాని ప్రభావాన్ని కొలుస్తున్నారు. ఆ లెక్క మొదలవాలంటే ముందు ఎవరో ఒకరు చదవాలి కదా! చదివినా పేరు దక్కుతుందన్న హామీ లేదు. 1891లో జర్మన్ శాస్త్రవేత్త వాల్డేయర్ ఇతరుల ఫలితాలను ఒకచోట చేర్చి న్యూరాన్ అనే పేరు పెట్టారు. ఆ సిద్ధాంతం ఆయనదే అనుకున్నవారూ ఉన్నారు.

1906లో కహాల్‌కు, గోల్జికి కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గోల్జి న్యూరాన్ సిద్ధాంతాన్ని కాదన్నారు. కహాల్ 1934లో కన్నుమూశారు. కణాల మధ్య సందును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కళ్లారా చూపింది 1950లలో. ఆయన స్పానిష్‌లో రాసిన పెద్ద గ్రంథం 1904కు పూర్తయితే, ఫ్రెంచిలోకి 1911కు, ఇంగ్లిషులోకి 1995కు పూర్తిగా వచ్చింది. నేటి పరిశోధకులు ఇప్పటికీ ఆయన్ని ఉదహరిస్తున్నారు, ఆయన గీసిన బొమ్మలను వాడుకుంటున్నారు.

తెలుగులో చదివితే ఎవరు చూస్తారని అడిగే తల్లిదండ్రులకు కహాల్ జీవితంలో జవాబుంది. ఆలోచించిన భాష ఆయనకు అడ్డు కాలేదు. పక్క భాషలోకి మోసుకెళ్లే శ్రమను ఆయన తప్పించుకోలేదు. మన బడుల్లో ఇది రేపే మొదలుపెట్టవచ్చు. పిల్లలు చూసింది ముందు బొమ్మ గీసి తెలుగులో రాయాలి. అదే పేజీని కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో పక్క తరగతి పిల్లలకు చెప్పగలగాలి.